63 ఆశ్వాసాల బాకీ

మరదలు: ఉద్యోగం అయిపోగానే కవిత్రయ భారతం పట్టుకుంటాను వదినా. ఆదిపర్వంలో నన్నయ మంగళశ్లోకం దగ్గర మొదలుపెట్టి స్వర్గారోహణ పర్వం దాకా, ఒక్క ఆశ్వాసం కూడా వదలకుండా చదువుతాను.

వదిన: ఎందుకు?

మరదలు: ఎందుకేమిటి? తెలుగులో మనకి దొరుకుతున్న మొదటి మహాకావ్యం అది. కాలేజీ రోజుల నుంచీ చదవాలి, చదవాలి అనుకుంటూనే ఉన్నాను. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు?

వదిన: ఆ ‘చదవాలి’ అన్న మాట నీది కాదేమో చూసుకో. బళ్లోనో ఇంట్లోనో ఎవరో నీ చెవిన వేశారు, నువ్వు మోస్తున్నావు. కథ కోసమైతే నీకు తెలియని భారతం ఏముంది? ‘నర్తనశాల’ ఎన్నిసార్లు చూశావు! తిరుపతి వెంకట కవుల రాయబారం పద్యాలు మావయ్యగారు పాడుతుంటే మనిద్దరమూ విన్నాం. రేడియోలో ఉషశ్రీ భారతం చెబుతుంటే పనులు మానుకుని కూర్చున్నాం. ‘మాయాబజార్’లో శశిరేఖ పెళ్లి కథ కవిత్రయంలో లేదు, వ్యాసుడిలోనూ లేదు. అయినా మన జనానికి అదీ భారతమే. ఇంతమంది ఇంతగా ఒంటబట్టించుకున్న కథకి మూలం పేజీలు తిప్పలేదని దిగులు పడటం నాకు అర్థం కాదు.

మరదలు: కథ తెలుసు వదినా. తిక్కన తెలియదు. విరాటపర్వంలో కీచకుడు సభలో అందరి ముందూ ద్రౌపదిని తన్నాడని ఎవర్ని అడిగినా చెబుతారు. ధర్మరాజు కంకుభట్టు వేషంలో అక్కడే కూర్చుని ఉన్నాడు. అజ్ఞాతవాసం బయటపడుతుందన్న భయంతో ఆమెని లోపలికి పొమ్మని మందలిస్తాడు. సభలో ఇలా నాట్యకత్తెలా నిలబడటం తగదన్నట్టు ఒక మాట కూడా అంటాడు. ఆమె ఆ మాటనే అందుకుంటుంది. తన భర్త నటుడే కాబట్టి తనకీ ఆ నడతే అబ్బిందనీ, ఆయన నటుడే కాదు, జూదరి కూడా అనీ జవాబు చెబుతుంది. విన్న సభకి అది ఒక పనిమనిషి గోడు. ధర్మరాజు ఒక్కడికే అది మొత్తం లెక్క: పోగొట్టిన రాజ్యం, పందెంలో ఒడ్డిన భార్య, ఇప్పుడు నోరు విప్పలేని మొగుడు. కథ చెప్పేవాళ్లు ‘ద్రౌపది ఎంతో బాధపడింది’ అని ముందుకి వెళ్లిపోతారు. తిక్కన ఆమె చేత మాట్లాడిస్తాడు. కథగా విన్న ఏ భారతంలోనూ ఆ మాట నాకు దొరకలేదు.

వదిన: ఆ ఘట్టం నీకు మొదట చదివి వినిపించింది నేనే. ఏటా పిల్లలకి అదే పాఠం చెప్పాను. అంత కోపాన్ని అంత పొదుపుగా చెప్పిన చోటు తెలుగులో మరొకటి చూపించమంటే నేనూ తడుముకుంటాను. కానీ అది ఒక ఘట్టం. నువ్వు చదువుతానంటున్నది 18 పర్వాలు, 63 ఆశ్వాసాలు, 20 వేలకు పైగా పద్యగద్యాలు. రోజుకి 20 చదివినా సుమారు మూడేళ్లు. అందులో శాంతిపర్వం ఒక్కటే 6 ఆశ్వాసాలు, ఆనుశాసనికం 5. అంపశయ్య మీద పడుకుని భీష్ముడు ధర్మరాజుకి చెబుతూనే ఉంటాడు. రాజు ఎలా ఏలాలి, ఏ వర్ణం వాడు ఏం చేయాలి, ఆడది ఎలా మెలగాలి, ఏ దానానికి ఏ ఫలం. నేను చదివాను కాబట్టి చెబుతున్నాను. నీకు కావలసిన తిక్కన అక్కడ చాలాసేపు కనపడడు. నా మాట విను. కుమారాస్త్రవిద్యా ప్రదర్శన, సత్యం గురించి శకుంతల దుష్యంతుడితో చెప్పే మాటలు, కీచకవధ, కృష్ణ రాయబారం, గాంధారి శోకం. ఈ ఐదూ తాపీగా, గొంతెత్తి చదువుకో. తక్కినది పురిపండా అప్పలస్వామిగారి వ్యావహారికాంధ్ర మహాభారతంలో హాయిగా వచనంగా చదువుకో.

మరదలు: ఏరిన ఘట్టాలతోనే కదా పెరిగాం! అందుకే మనకి భారతం అంటే కొన్ని మంచి పద్యాలుగా మిగిలింది. కంకుభట్టుకి ద్రౌపది ఇచ్చిన ఆ జవాబు బలం ఆ పద్యంలోనే లేదు. సభాపర్వంలో ఆమె ఒక ప్రశ్న అడిగింది. తనని తాను ఓడిపోయాక నన్ను ఒడ్డే హక్కు ఆయనకి ఉందా అని. పెద్దలెవరూ సూటిగా సమాధానం చెప్పలేదు. అరణ్యపర్వంలో ధర్మరాజుతో ఓర్పు గురించి వాదించింది. అక్కడే తర్వాత సత్యభామ వచ్చి, అయిదుగురు భర్తలతో ఎలా నెగ్గుకొస్తున్నావని అడిగితే, తన ఇంటి బరువంతా విప్పి చెప్పింది. ఇదంతా చదువుకుంటూ విరాటుడి కొలువుకి వచ్చినవాళ్లకి ఆ జవాబు ఇంకోలా వినపడుతుంది. ఒక సంగతి గమనించు. సభలో ఆమె ప్రశ్న నన్నయ రాశాడు. సత్యభామతో మాటలు ఎఱ్ఱన రాశాడు. కొలువులో ఈ జవాబు తిక్కన రాశాడు. ఒకే మనిషి కోపం ముగ్గురి చేతుల్లో పడి కూడా ఎక్కడా తెగలేదు. అది ఏరి చదివేవాళ్లకి ఎలా తెలుస్తుంది?

వదిన: ఇది నేను ఇలా ఎప్పుడూ చూడలేదు. ఒప్పుకుంటున్నాను. కానీ ఆ ముగ్గురి సంగతి ఎత్తావు కాబట్టి అక్కడే అడుగుతాను. నన్నయ 11వ శతాబ్దంలో, రాజమహేంద్రవరంలో మొదలుపెట్టాడు. అరణ్యపర్వంలో శరత్కాలపు రాత్రుల వర్ణన దగ్గర ఆగిపోయాడు. 13వ శతాబ్దంలో నెల్లూరు నుంచి తిక్కన వచ్చి, మిగిలిన అరణ్యం జోలికి పోకుండా విరాటం నుంచి ఎత్తుకుని పదిహేను పర్వాలు పూర్తిచేశాడు. 14వ శతాబ్దంలో ఎఱ్ఱన వచ్చేదాకా మధ్యలో ఆ ఖాళీ అలాగే ఉంది. అంటే తిక్కన బతికున్న రోజుల్లో మొత్తం భారతం తెలుగులో లేనే లేదు. ఆనాటి వాళ్లు దాన్ని లోటుగా భావించి ఊరుకున్నారా? ఉన్నంతవరకు విన్నారు. చదివారని కూడా అనను. తాళపత్ర గ్రంథం ఎన్ని ఇళ్లలో ఉండేది? పురాణం చెప్పే ఆయన పద్యం చదివి అర్థం విప్పితే ఊరంతా కూర్చుని వినేది. వానలు ముఖం చాటేస్తే విరాటపర్వం చదివించేవారు. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఒక్కరే మౌనంగా చదివితేనే చదివినట్టన్న నియమం అచ్చుపుస్తకం వచ్చాక పెట్టుకున్నది. చెవితో తీసుకున్నది తక్కువ అనకు. ఆ కావ్యం పుట్టిందే చెవి కోసం.

మరదలు: ఆ ఊరంతా వినడం సంగతి నాకు ఇంకోలా తెలుసు. దాని దగ్గరికి వస్తాను. ముందు ఎఱ్ఱన. ఆయన కాలానికి నన్నయ పోయి రెండున్నర శతాబ్దాలు దాటింది. అయినా ఎఱ్ఱన ఆ మిగిలిన భాగాన్ని తన కాలపు రాజుకి అంకితం ఇచ్చుకోలేదు. నన్నయ ఎవరికోసం మొదలుపెట్టాడో ఆ రాజరాజనరేంద్రుడి పేరనే, నన్నయే పూర్తిచేసినట్టుగా ముగించాడు. ఏలే రాజు సంతోషిస్తాడనీ లేదు. సగంలో ఆగినదాన్ని చూస్తూ ఉండలేకపోయాడు, అంతే. ఒక కవి అంత చేసినచోట, చదివేదాన్ని నేను ‘ఉన్నంత చాలు’ అంటే ఎలా?

వదిన: ఆయనకి ఆ భాష రోజూ వాడే పనిముట్టు. నీకు కాదు. అరసున్నా ఎందుకుందో, బండి ‘ఱ’ ఎక్కడొస్తుందో, ఈ సంధి ఏమిటో, ఈ అన్వయం ఎటు తిరుగుతుందో చూసుకుంటూ, పక్కన ‘శబ్దరత్నాకరం’ పెట్టుకుని చదవాలి. తిరుమల తిరుపతి దేవస్థానం వారి ప్రతి ఉంది. ప్రతిపదార్థం, తాత్పర్యం, విశేషం అన్నీ ఇచ్చారు, మంచి పని. కానీ ఏమవుతుందో నాకు తెలుసు. కన్ను పద్యం మీద పడగానే కిందికి జారుతుంది. ముందు అర్థం, తర్వాత తాత్పర్యం, ఆ తర్వాత మళ్లీ పైకి. నడక పోతుంది. నడక లేని పద్యానికీ దాని వచనానికీ తేడా ఎక్కడుంది? ఇది నీ లోపం కాదమ్మాయ్. మన బడి పిల్లలకి పద్యాన్ని పరీక్షలో రాసే ప్రశ్నగానే చూపించింది. ప్రతిపదార్థం రాయించింది కానీ గట్టిగా చదివించలేదు. తరగతికి తరగతి పద్యభాగం అలాగే దాటిపోయింది. నేను ఆ బళ్లోనే పనిచేశాను, తాళంచెవి అందివ్వకుండా తలుపు చూపించి వెళ్లమన్నాం. ఆ తరాలన్నీ ఇప్పుడు ‘చదవలేదే’ అని తమని తాము తిట్టుకోవడం అన్యాయం. బాకీ ఉంటే ఆ చదువుది. నీది కాదు.

మరదలు: ఎవరి బాకీ అయితేనేం, తీర్చేవాళ్లు కనపడనప్పుడు నేనే తీర్చుకోవాలి. కష్టం గురించి నువ్వు చెప్పింది మొదటి నెలలకి నిజం. తిక్కన పెద్దనలా కాదు, రామరాజభూషణుడిలా అసలే కాదు. కందాలు, తేటగీతులు, ఆటవెలదులు ఎక్కువ. మనుషులు మాట్లాడుకుంటుంటారు. ఒకే మాటలు, ఒకే పలుకుబళ్లు మళ్లీ మళ్లీ వస్తాయి. ఉద్యోగపర్వంలో కొన్ని పుటలు గట్టిగా చదివి చూశాను. మొదటిసారి అన్వయం చిక్కలేదు. రెండోసారి నోరే దారి చూపించింది. ఇంత పొడుగు పుస్తకం తన భాష తానే నేర్పుతుంది, నువ్వు దానితో ఉండాలి. ఈ కవి దగ్గర నాలుగు పద్యాలు, ఆ కవి దగ్గర నాలుగు పద్యాలు చదివేవాళ్లకి ఆ సదుపాయం ఎప్పటికీ రాదు. ప్రతిచోటా కొత్తగా మొదలుపెట్టాలి, ప్రతిచోటా కష్టపు భాగమే చదవాలి, తేలికయ్యే సమయానికి వదిలేయాలి.

వదిన: అది సరే. పొడుగే మేలు చేస్తుందన్న మాట నా అనుభవంలోనూ నిజమే. ప్రౌఢ ప్రబంధాలకంటే తిక్కన దగ్గర పిల్లలు త్వరగా కుదురుకునేవారు. ఇప్పుడు నేను అడగాలనుకున్న అసలు ప్రశ్న అడుగుతాను. చదివి తీరాల్సిన పుస్తకాలని ఎవరు నిర్ణయించారు? వేమనని పండితులు చాలాకాలం కవుల వరసలో కూర్చోబెట్టలేదు. ఆయన పద్యాలు వెతికించి 1829లో అచ్చువేయించినవాడు బ్రౌన్ దొర. ముద్దుపళని ‘రాధికాసాంత్వనము’ రాసింది. పీఠికా, ఆమె తన గురించి చెప్పుకున్నదీ లేకుండా అచ్చువేస్తే, బెంగళూరు నాగరత్నమ్మ అసలు ప్రతి సంపాదించి, పరిష్కరించి 1910లో వావిళ్లవారి చేత ప్రచురింపజేసింది. ప్రభుత్వం నిషేధించింది. తంజావూరు ఆస్థానంలో ఒక స్త్రీ రాసిన కావ్యం మన చేతికి రావడానికి ఇంకో స్త్రీ అంత పోరాడాల్సి వచ్చింది. అది నీ జాబితాలో ఉందా? ‘మాలపల్లి’ చదివావా? ఉన్నవ లక్ష్మీనారాయణ జైల్లో కూర్చుని రాసినది, తెల్లదొరలు నిషేధించినది. దాన్ని ‘ఎప్పుడైనా చదవాలి’ అని ఎంతమంది అనుకుంటున్నారు? భారతం అనగానే తల వంచుతాం. ఆ వంగడంలో చదువు మీద ప్రేమ ఎంత, పెద్దరికం మీద భయం ఎంత?

మరదలు: ‘మాలపల్లి’ సగంలో ఉంది. ముద్దుపళని చదవలేదు. జాబితా కొందరు చేశారు, చాలామందిని బయట పెట్టారు. కాదనను. అయితే బయట పెట్టబడినవాళ్లు ఏం చేశారో చూడు. జాషువా ‘గబ్బిలం’ 1941లో వచ్చింది. గుడిలోకి రానివ్వని మనిషి కాశీలోని శివుడికి గబ్బిలంతో కబురు పంపుతాడు. దాన్ని ఆయన పద్యంలోనే రాశాడు, వృత్తాలలోనే రాశాడు. కాళిదాసు మేఘసందేశం ఎదురుగా పెట్టుకుని రాశాడు. తనని దూరం ఉంచిన విద్యని తన సొంతం చేసుకుని, దానితోనే నిలదీశాడు. శ్రీశ్రీ తన కవిత్రయం వేరని చెప్పుకున్నప్పుడు అందులో వేమన ఉన్నాడు, గురజాడ ఉన్నాడు, మొదట తిక్కన ఉన్నాడు. ఛందస్సుల్ని కాదన్న కవి కూడా తిక్కనని వదులుకోలేదు. రంగనాయకమ్మగారు ‘ఇదండీ మహాభారతం’ రాశారు. ఎదిరించాలన్నా ముందు లోపలికి వెళ్లి రావాలి. ఏకలవ్యుడి బొటనవేలు గురించి నాకు కోపం ఉంది. ఆ కోపం ఎవరో చెప్పగా వచ్చినది. నన్నయ ఆ చోట ఏం అన్నాడో, ఏం అనకుండా ఊరుకున్నాడో చూసి కోపం తెచ్చుకుంటే అది నా కోపం అవుతుంది.

వదిన: జాషువాకి వేరే దారి లేదు. ఆనాడు పద్యం రాకపోతే కవి అనరు. అందుకే ఆ కోటలోకి వెళ్లాడు. నీకు ఆ అవసరం లేదు. ఇప్పుడు రాస్తున్నవాళ్లకీ లేదు. వాళ్ల సంగతే నన్ను బాధపెట్టేది. ఈరోజు తెలుగులో ఒక కథల సంపుటం వస్తే ఐదు వందలో, వెయ్యో ప్రతులు వేస్తారు. అవి అమ్ముడుపోవడానికి ఏళ్లు పడుతుంది. ఒక్క ఉత్తరం రాసే పాఠకురాలు దొరికితే ఆ రచయిత ఇంకో పుస్తకం రాస్తుంది. దొరకకపోతే మానేస్తుంది. మానేసినవాళ్లు నాకు తెలుసు. తిక్కన ఏడు వందల ఏళ్లు దాటి నిలిచాడు. నువ్వు చదివినా చదవకపోయినా ఆయనకి పోయేది లేదు. నీ మూడేళ్లు బతికున్నవాళ్లకి ఇస్తే కొన్ని పుస్తకాలు ఎక్కువ పుడతాయి. సాహిత్యానికి చేసే మేలు ఏదని అడిగితే నేను తడబడకుండా చెబుతాను.

మరదలు: వదినా, నువ్వు అన్నవాటిలో నన్ను ఎక్కువ కదిలించింది ఇదే. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. కానీ తిక్కన నిలిచాడు అంటున్నావే, ఆయన తనంతట తాను నిలవలేదు. పేరు తెలియని రాయసగాళ్లు తాటాకు శిథిలమైనప్పుడల్లా కొత్త ఆకు మీదికి ఎక్కించారు. కడపలో బ్రౌన్ పండితుల్ని పెట్టి ప్రతులు సేకరించి సరిచూయించాడు. వావిళ్లవారు అచ్చువేశారు. ఉస్మానియా విశ్వవిద్యాలయం ప్రతుల్ని పోల్చి సంశోధిత ముద్రణ తెచ్చింది. ఇప్పుడు ఫోన్లో వెతికితే పాత ముద్రణల ఛాయాప్రతులు చిటికెలో దొరుకుతాయి. ఇంత చేసి కాపాడింది ఎందుకు? కాగితం పోదు. చదివే శక్తి పోతుంది. మావయ్యగారు, అదే నాన్న, అన్వయం ఆలోచించకుండా ఒక కందం చదివేసేవారు. నాకు రెండుసార్లు చదివితే గాని తెలియదు. మా అమ్మాయికి అది కన్నడం చూసినట్టే, లిపి పోలిక తప్ప ఇంకేమీ తెలియదు. మూడు తరాల్లో జరిగింది ఇది. బతికున్న రచయితకి పాఠకురాలు లేకపోతే ఇంకో పుస్తకం పుట్టదు, నిజమే. చదివేవాళ్లు లేకపోతే తిక్కన పుస్తకం ఉంటుంది కానీ తిక్కన ఉండడు.

వదిన: చదివే శక్తి నిలబెట్టడానికి నువ్వొక్కదానివి 63 ఆశ్వాసాలు చదివితే ఏమవుతుంది? ఆ పని పిల్లల్ని నలుగుర్ని కూర్చోబెట్టి విరాటపర్వం చదివిస్తే జరుగుతుంది. అది చేస్తానంటే నేనూ వచ్చి కూర్చుంటాను. నీ సంకల్పంలో నాకు నచ్చనిది ఇంకొకటి ఉంది. ‘ఉద్యోగం అయిపోగానే’ అన్నావు. చదవాల్సిన పెద్ద పుస్తకాన్ని ముందర పెట్టుకున్నవాళ్లు దాన్ని చదవరు, దాని పేరు చెప్పి చిన్నవాటినీ చదవరు. ఇవాళ రాత్రి ఒక గంట ఖాళీ దొరికితే ‘ఇది భారతం మొదలుపెట్టే గంట కాదు’ అంటావు. ఇంకో కథా తియ్యవు. ఆ గంట ఎటో పోతుంది. ఇలా ఎన్ని వేల గంటలు పోయాయో ఈ దేశంలో. చదవలేనిదాన్ని చదవనని చెప్పేసుకున్న రోజు మనిషికి చదువుకునే టైము దొరుకుతుంది. నేను అలా కొన్ని వదిలేశాను. ‘వసుచరిత్ర’ వదిలేశాను. ‘ఆముక్తమాల్యద’లో వానాకాలం వర్ణనా ఇంకొన్ని చోట్లూ తప్ప తక్కినది వదిలేశాను. తెలుగు టీచర్ని అయి ఉండి వదిలేశాను. నాకు నష్టం అనిపించలేదు. చేతిలో ఉన్న పుస్తకాన్ని చూసే చూపు మెరుగుపడింది.

మరదలు: నువ్వు వదిలేయగలిగావు. ఎందుకంటే నీకు అవి ఒకసారి చేతికి అందాయి. చదువుకున్నావు, పాఠం చెప్పావు, చాలనుకున్నావు. నేను ‘ఉద్యోగం అయిపోగానే’ అన్నది బద్ధకంతో కాదు. పొద్దున వంట, తర్వాత బ్యాంకు, సాయంత్రం పిల్లల చదువు, ఆ తర్వాత అత్తగారి మంచం. ఇన్నాళ్లూ నా గంట నాది కాదు. ఇప్పుడు ఆ వినడం సంగతి చెబుతాను, ఇందాక ఆపాను. ఊరంతా కూర్చుని పురాణం వినేదన్నావు. మన ఊళ్లో అరుగు మీద కూర్చున్నది మగవాళ్లు. మా నాయనమ్మ వంటింటి గుమ్మంలోంచి విన్నది. పద్యం మొదలయ్యేసరికి పొయ్యి మీద ఏదో పొంగేది. అర్థం చెప్పేసరికి ఎవరో మంచినీళ్లు అడిగేవారు. మాల పల్లె నుంచి వచ్చిన పాలేరు అరుగు కింద, ఇంకా దూరంగా, గోడ నీడలో నిలబడి విన్నాడు. నాయనమ్మకి ద్రౌపది అంటే ప్రాణం. కానీ ఆమెకి తెలిసిన ద్రౌపది ముక్కలు ముక్కలుగా తెలిసిన ద్రౌపది. సభలో అడిగిన ప్రశ్న విన్నది, దానికి పెద్దలు ఏమన్నారో వినలేదు. కీచకుడు తన్నడం విన్నది, ఆమె ఏమన్నదో వినలేదు. వింటే ఏమనుకునేదో నాకు తెలుసుకోవాలని ఉంది. చెవితో తీసుకున్నది తక్కువ కాదని నువ్వన్నావు. ముందు వరసలో కూర్చున్న చెవికి అది నిజం. నాకు ఒక్కసారి మొదటి వరసలో కూర్చుని, మధ్యలో ఎవరూ పిలవకుండా, మొత్తం వినాలని ఉంది. నా గొంతుతో నేనే చదువుకుని అయినా సరే.

వదిన: ఇది చెబితే నేను ఎదురు చెప్పలేను. నాకు చేతకాదు కూడా. ఆ వంటింటి గుమ్మం నాకూ తెలుసు. ఒక్కటి మాత్రం అంటాను, తప్పుగా అనుకోకు. గోడ నీడలో నిలబడ్డ ఆ పాలేరు మనవరాలు ఇవాళ కథలు రాస్తోంది అనుకో. ఆ అరుగు కథే ఆమె వైపు నుంచి రాస్తోంది. మీ నాయనమ్మకి దక్కనిది నీకు కావాలంటున్నావు, న్యాయమే. ఆ అమ్మాయి తాతకి దక్కనిది ఇప్పుడు పుస్తకంగా అచ్చయి వస్తే, దాన్ని పక్కన పెట్టి మళ్లీ అరుగు మీదికే వెళ్లి కూర్చుంటానంటున్నావు. మొదటి వరసలో అయితేనేం, ఆ అరుగే కదా?

మరదలు: పక్కన పెడతానని అనలేదు.

వదిన: మూడేళ్ల పని అది. మన వయసులో మూడేళ్లు అంటే పక్కన పెట్టడమే.

మరదలు: అయితే పెడుతున్నాను. తేలికగా పెట్టడం లేదు. నువ్వన్నది నిజమైతే ఆ అమ్మాయి పుస్తకం నాకోసం ఆగదనీ తెలుసు. కానీ ఆమె ఆ అరుగు గురించి రాసినప్పుడు, అరుగు మీద ఆ రాత్రి ఏం చదివారో తెలిసిన పాఠకురాలు ఒకరైనా ఉండాలి. తెలియకుండా చదివితే నాకు గోడ కనపడుతుంది. దేనికి ఆ గోడ కట్టారో, ఏది దాచిపెట్టుకున్నారో కనపడదు.

వదిన: శాంతిపర్వానికి వచ్చాక చూద్దాం. నాకు తెలిసినంతలో ఆ గోడ కట్టిన మేస్త్రీలు అక్కడే ఉన్నారు. ఎవరు ఎంత దూరంలో నిలబడాలో చెప్పింది అక్కడే. కనీసం శాంతి, ఆనుశాసనిక పర్వాలు రెండూ దాటేయ్. స్త్రీపర్వం అయిపోగానే అశ్వమేధానికి వెళ్లిపో.

మరదలు: దాటను. యుద్ధం గెలిచిన మనిషి రాజ్యం వద్దంటాడు. చంపినవాళ్లందరూ తనవాళ్లే, ఈ గెలుపు నాకు అక్కర్లేదంటాడు. తమ్ముళ్లు చెప్పారు, భార్య చెప్పింది, కృష్ణుడు చెప్పాడు, వ్యాసుడు చెప్పాడు. ఒప్పించడానికి అంపశయ్య మీద ఉన్న తాత దగ్గరికి తీసుకెళ్లాల్సి వచ్చింది. ఆ నీతులన్నీ ఆ దుఃఖం మీద పోసిన మాటలు కదా. ఎన్ని పోసినా దుఃఖం ఆరిందా లేదా అన్నది నాకు కావాలి. అది మధ్యలో దాటేస్తే తెలియదు.

వదిన: నేను దాటకుండానే చదివాను. ధర్మరాజు దుఃఖం నాకు మొదటి ఆశ్వాసంలో వినపడింది. ఆ తర్వాత భీష్ముడి గొంతే వినపడింది, అందులో ఎక్కువ మాటలు మనల్ని అదుపులో పెట్టేవే. నువ్వు చదివి, నాకు వినపడనిది నీకు వినపడితే, ఏ పద్యంలోనో గుర్తు పెట్టుకుని వచ్చి చదివి వినిపించు. తాత్పర్యం చెప్పొద్దు. పద్యమే చదువు.